ఎలుకలమ్మ మతిమరుపు

ఎలుకలమ్మ జ్ఞాపకశక్తి గురించి పుట్టింటివాళ్లు చెప్పే కథల్లో సగం అబద్ధాలు, మిగతా సగం నమ్మలేని నిజాలు. పుట్టగానే ఏడుపు లంకించుకోకుండా కళ్లు తిప్పి గదిలో ఉన్నవాళ్లందర్నీ ఒక్కొక్కరినే చూసిందనీ, రెండేళ్ల తర్వాత ఆ నర్సు వీధిలో ఎదురైతే వేలుపెట్టి చూపించి నవ్విందనీ ఆమె మేనత్త ఒట్టేసి మరీ చెప్పేది. ఇది అబద్ధాల కోవలోది. కాన్వెంటులో అల్లరి చేసినందుకు సిస్టరు ఒక పేజీ చూడకుండా అప్పజెప్పమంటే, ఆ పిల్ల పేజీ దగ్గర ఆగక పాఠమంతా చెప్పి, పుస్తకం అట్ట వెనక ఉన్న ప్రెస్సు పేరూ చిరునామా కూడా అప్పజెప్పి గానీ కూర్చోలేదు. ఇది నిజం. ఆ తర్వాత ఆ సిస్టరు ఆమెను వరండాలో నిలబెట్టేదే గానీ, అప్పజెప్పడం జోలికి మళ్లీ పోలేదు.

పెళ్లి కూడా ఆ జ్ఞాపకశక్తి చలవే. కాలేజీకి రైల్లో వెళ్లే రోజుల్లో ఒకనాడు ఆమె సీజన్ పాసు చెల్లెలి సంచిలో ఉండిపోయింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్ర టీసీ వచ్చి పాసు చూపించమన్నాడు. పాసు లేదు గానీ నంబరు ఇదీ, ఇచ్చిన తేదీ ఇదీ, సంతకం పెట్టిన గుమాస్తా ఎడమచేతి వాటం మనిషి అని గడగడా చెప్పేసింది. అంతటితో ఊరుకోక, "మీ కోటుకి మూడో గుండీ పోయిన నెల నల్లది, ఇప్పుడు ఊదారంగుది కుట్టించుకున్నారు" అంది. టీసీ నోరు తెరిచి, తర్వాతి స్టేషన్లో దిగి వెళ్లి విచారించుకుని వచ్చాడు. అన్నీ నిజమే. దింపెయ్యాల్సినవాడు కాస్తా వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని ఇంటికొచ్చి పిల్లనడిగాడు.

ఇంతటి జ్ఞాపకం ఉన్న మనిషి జీవితమంతా మరుపు మీద పరిశోధన చెయ్యడానికి కారణం ఆమె తల్లి. ఆవిడ బట్టలు కుట్టేది. ఒకసారి టేపు పెట్టి కొలిస్తే చాలు, ఆ మనిషి చేతి పొడవు, నడుము చుట్టు పదేళ్ల తర్వాత అడిగినా చెప్పేది. మధ్యలో లావయ్యారని మొహమాటపడకుండా కలిపి మరీ చెప్పేది. అలాంటి ఆవిడ మొదట సూది ఎక్కడ పెట్టిందో మరిచిపోయింది. తర్వాత మిషను మీదున్నది ఎవరి బట్టో మరిచిపోయింది. చివరికి ఒక సాయంత్రం కూతురు గదిలోకి వస్తే, "ఎవరమ్మా నువ్వు, కొలతలివ్వడానికి వచ్చావా?" అని అడిగింది. కూతురు అవునంది. గది మధ్యలో చేతులు చాచి నిలబడింది. తల్లి టేపు తెచ్చి భుజాలు కొలిచి, "మా అమ్మాయిది కూడా సరిగ్గా ఇదే కొలత" అని సంబరపడింది.

ఆ తర్వాత నుంచి ఆమె పనిచేసే చోటు, మెదడు పరిశోధన కేంద్రంలో మూడో అంతస్తు. ఆమె ఎలుకలు మాత్రం కింద నేలమాళిగలో ఉండేవి. వాటిలో సగానికి కొవ్వూ చక్కెరా దట్టించిన మేత, సగానికి ఆకులూ గింజలూ చేపనూనె కలిపిన మేత. కొన్ని నెలలు అలా మేపి, పాలలా తెల్లగా చేసిన నీళ్లతొట్టిలో వదిలేవాళ్లు. నీళ్ల కింద ఎక్కడో ఒక చిన్న తిన్నె ఉంటుంది. ఈదుతూ దాన్ని వెతికిపట్టుకోవాలి. మర్నాడు వదిలితే అది ఎక్కడుందో గుర్తుంచుకుని నేరుగా పోవాలి. అందులో ఒక ఎలుక నీళ్లలోకి దిగనే దిగకుండా తొట్టి అంచు మీద చుట్టూ నడిచి, తిన్నెకు దగ్గరగా వచ్చి, ఒక్క గెంతు గెంతి దాని మీద కూర్చుని, సమయం కొలుస్తున్న ఆమె చేతిగడియారం వంక చూసిందని కేంద్రంలో చెప్పుకుంటారు. దానికి 'ప్రొఫెసరు' అని పేరు పెట్టారు. దాని యజమానురాలికి మాత్రం ఎలుకలమ్మ అన్న పేరే ఖాయమైంది. ముఖం మీద మేడమ్ అనేవాళ్లు, తలుపు దాటగానే ఎలుకలమ్మ అనేవాళ్లు. ఆమెకు తెలుసు. కోపం లేదు.

ఎలుకల తర్వాత మనుషుల దగ్గరికి వచ్చింది. అరవై దాటినవాళ్లను కొన్ని వందలమందిని చేర్చుకుని, కొందరికి ఏం తినాలో చెప్పి, కొందరిని వాళ్ల మానాన వాళ్లను తిననిచ్చి, ఏటేటా జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టించింది. ఆకుకూర తింటే మతిమరుపు రాదట గదా అని ఎవరైనా అడిగితే, "రాదని ఎవరన్నారు? రావడం ఆలస్యమవుతుందేమో చూస్తున్నాం. ఇంకా తేలలేదు. తేలేలోగా ఆకుకూర తింటే నష్టమేం లేదు" అనేది. ఊరందరి పళ్లెంలోకీ తొంగిచూసే ఈ మనిషి తను మాత్రం కిటికీ దగ్గర నిలబడి రెండు బిస్కెట్లు టీలో ముంచుకుని అదే మధ్యాహ్న భోజనం అనిపించేది. రాత్రికి భర్త వండిపెడితే సగం తిని లేచేది. ఖాళీ కడుపులో అంత టీ పోస్తే కడుపు ఊరుకుంటుందా? మంట. ఆ మంటకు పొద్దున్నే ఒక మాత్ర. పళ్లు తోముకోవడం ఎలాగో ఆ మాత్ర మింగడం అలాగే అయిపోయింది. ఎప్పుడు మొదలైందో, ఎందుకు ఆగలేదో ఆలోచించినవాళ్లు లేరు.

ఆ ఏడాది వేసవిలో మొదలైంది అసలు సంగతి.

ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తున్న ఎలుకల డాక్టరు ఎదురుగా వచ్చి నమస్కారం పెడితే ఆయన పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆయన వెళ్లిపోయాక మెట్ల మీద నిలబడి వెతుక్కుంటే గానీ దొరకలేదు. ఇంకోరోజు వంటింట్లో కుళాయి తిప్పి వదిలేసి ముందుగదిలో కూర్చుంది, కింది వాటా ఆవిడ తడిసిన తలతో పైకి వచ్చి, "మీ ఇంట్లో వాన పడుతోందా అక్కయ్యా?" అని మర్యాదగా అడిగింది. అవన్నీ నవ్వేసి ఊరుకోవచ్చు. కానీ ఒక సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడుస్తూ, ఎప్పుడూ తిరిగే సందు దగ్గర తిరగకుండా ముందుకు పోయి, ఒక టైర్ల షాపు ముందు ఆగింది. ఆ షాపు అక్కడెందుకుందో, తను అక్కడెందుకుందో కాసేపు అర్థం కాలేదు. టైర్లకు గాలి కొట్టేవాడు "ఏం కావాలమ్మా?" అన్నాడు. "ఏం లేదు నాయనా, చూస్తున్నాను" అని వెనక్కి తిరిగింది. ఆ మధ్య అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టు కూడా ఉండేది గానీ, అది కొత్త చెప్పుల మహిమ అనుకుంది.

భర్తకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఒక సెలవురోజు మధ్యాహ్నం, కేంద్రంలో కాపలా అతను తప్ప ఎవరూ లేనప్పుడు వెళ్లి, పరీక్షల గదిలో కూర్చుని, తనకు తానే పరీక్ష పెట్టుకుంది.

ఆ పరీక్ష ఒక కథ. చిన్న కథ వినిపిస్తారు. తర్వాత ఓ అరగంటపాటు కథ ఊసెత్తకుండా తీసివేత లెక్కలు చేయిస్తారు. అప్పుడు కథ మళ్లీ చెప్పమంటారు. గుర్తున్న ప్రతి ముక్కకూ ఒక మార్కు. కథలో లేనిది తెచ్చి కలిపితే దాన్ని 'దొంగ ముక్క' అంటారు. ఒకటో రెండో ఎవరికైనా దొర్లుతాయి. ఎక్కువైతే మంచి లక్షణం కాదని మార్కుల పట్టిక చెబుతుంది. వచ్చినవాళ్లే ఏటేటా వస్తారు కాబట్టి ఒకే కథ చెబితే కంఠతా వచ్చేస్తుంది; అందుకని నాలుగు కథలు. నాలుగూ ఆమే రాసింది. ఒక కథలో కుట్టుమిషన్లు బాగుచేసేవాడి టోపీ వంతెన మీంచి నదిలో పడుతుంది, పడవవాడు తీసి ఇస్తాడు. ఇంకోదాంట్లో నర్సు బస్సులో పసుపుపచ్చ గొడుగు మరిచిపోతుంది. మరోదాంట్లో రొట్టెలవాడి గాడిద తప్పిపోతుంది. నాలుగోదాంట్లో పోస్ట్‌మ్యాన్ను కుక్క తరిమి సంచి ఎత్తుకుపోతుంది. అన్నీ దొరుకుతాయి, అందరూ సుఖంగా ఇళ్లకు పోతారు. ముసలివాళ్లను బాధపెట్టే కథలు రాయడం ఆమెకు ఇష్టం లేదు.

రికార్డు చేసి ఉన్న టోపీ కథ పెట్టుకుని విన్నది. కాగితం మీద లెక్కలు చేసింది. తర్వాత కథను రికార్డరులోకి చెప్పి, తను చెప్పింది తనే విన్నది. కుట్టుమిషన్లవాడు వంతెన మీద బస్సు ఎక్కాడు. టోపీ పసుపుపచ్చది. అది నీళ్లలో పడ్డాక కుక్క దాన్ని ఎత్తుకుపోయింది. పడవవాడు గాడిదకు నీళ్లు తాగించడానికి ఒడ్డుకు వచ్చాడు. తన గొంతే, ఎక్కడా తడబాటు లేదు, చూసినట్టే చెబుతోంది. దొంగ ముక్కలు లెక్కబెట్టుకుంటూ పోయి, మధ్యలో పెన్సిలు కింద పెట్టేసింది. ఇన్నేళ్లలో ఇన్నేసి దొంగ ముక్కలు తెచ్చినవాళ్లంతా చివరికి ఏమయ్యారో ఆమెకు బాగా తెలుసు.

బయటికి వచ్చేటప్పటికే నిర్ణయం అయిపోయింది. ఈ ఏడాదితో పరిశోధన ముగుస్తుంది. ఫలితాలన్నీ కూర్చి రాయాల్సింది ఆమె. సడలుతున్న తల పెట్టి రాస్తే వందలమంది ముసలివాళ్లు ఇన్నేళ్లు చేసిన సాయం గంగలో కలిసినట్టే. ఆ పని ఇంకొకరికి అప్పగించి తప్పుకోవాలి. ఆ తర్వాత ఏం జరుగుతుందో అమ్మ విషయంలో ఆమె దగ్గరుండి చూసింది. భర్త ముందు ఒకరోజు తను కూడా 'ఎవరు నువ్వు' అంటుంది.

మర్నాడు పొద్దున భర్త టీ కప్పు ముందు పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. రిటైరై చాలాకాలమైనా ఆయన కళ్లింకా పెట్టె ఆ చివర నుంచి ఈ చివరకు తనిఖీ చేస్తూనే ఉంటాయి.

"ఏమోయ్, నీ ముఖం చూస్తుంటే టికెట్ లేకుండా ఎక్కినవాళ్లు గుర్తొస్తున్నారు" అన్నాడు.

"మీకు లోకమంతా రైలుపెట్టే."

"కిటికీలోంచి చూస్తూ కూర్చున్నవాణ్ణి అడిగేవాణ్ణి కాదు. నిద్రపోతున్నట్టు నటించేవాణ్ణి కూడా పోనీలే అని ఒక్కోసారి వదిలేసేవాణ్ణి. నన్ను చూసి మరీ మామూలుగా నవ్వేవాడున్నాడే, వాణ్ణి మాత్రం వదిలేవాణ్ణి కాదు. నువ్వు వారం నుంచి మరీ మామూలుగా నవ్వుతున్నావు."

ఆమె కప్పు అవతలికి జరిపింది. "అమ్మలా అయిపోతున్నానండీ" అంది.

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"ఎవరు చెప్పారు?"

"పరీక్ష పెట్టుకున్నాను."

"పేపరు ఎవరు తయారుచేశారు?"

"నేనే."

"దిద్దిందెవరు?"

"నేనే. నవ్వులాటగా ఉందా మీకు?"

"నవ్వడం లేదు. రైలూ నువ్వే, ఎక్కింది నువ్వే, టికెట్ అడిగింది నువ్వే, దించేసింది కూడా నువ్వే. నా సర్వీసంతా తిరగేసినా ఇలాంటి బండి లేదు." కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఆ పరీక్షలు పెట్టే అమ్మాయి ఉంది కదా, ఈరోజే ఆ పిల్లతో చెప్పు. చెప్పకపోతే నేనే ఫోన్ చేస్తా."

"నా పని నాకు నేర్పుతారా?"

"నేర్పేదేముంది. నువ్వు పెద్ద సైంటిస్టువే, ఎవరు కాదన్నారు. పోయేముందు కుళాయి కట్టేశావో లేదో చూసి పో."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. అదే మేలైంది, ఏడుపు రాలేదు. చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూస్తే, ఆయన వంటింట్లో కడగడం అయిపోయిన కప్పును మళ్లీ కడుగుతూ అటు తిరిగి నిలబడి ఉన్నాడు.

పరీక్షలమ్మాయి సైకాలజిస్టు. ముప్పై నిండని పిల్ల. చేతిలో ఒక పెన్సిలు, జుట్టు ముడిలో ఇంకో పెన్సిలు, రెండోది ఎక్కడుందో రోజంతా వెతుక్కుంటుంది. ఎలుకలమ్మ తలుపు వేసి, ఒక్క ముక్క చెప్పకుండా రికార్డరు బల్ల మీద పెట్టి, మీట నొక్కి, కిటికీ వైపు తిరిగి నిలబడింది. తన గొంతు తనే వినలేక రోడ్డు మీద బస్సుల్ని లెక్కపెడుతూ ఉంది. కాసేపటికి వెనక ఏదో చప్పుడైంది. తిరిగి చూస్తే ఆ పిల్ల తల బల్ల మీద వాల్చేసి ఉంది. భుజాలు కదులుతున్నాయి.

ఎలుకలమ్మ దగ్గరికి వెళ్లి వీపు నిమిరింది. "ఏడవకు తల్లీ. ఎప్పటికైనా తప్పేది కాదు. పని నీకే అప్పజెబుతాను, భయం లేదు."

ఆ పిల్ల తలెత్తింది. కళ్లలో నీళ్లున్నాయి, నిజమే. నవ్వు ఆపుకోలేక వచ్చిన నీళ్లు.

"మేడమ్, టోపీ నదిలో పడితే మధ్యలో బస్సు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"అదే కదా నా ఏడుపు."

"నర్సు కథలోంచి వచ్చింది. పసుపుపచ్చ రంగు కూడా ఆ నర్సుదే, గొడుగు మీంచి టోపీకి అంటుకుంది. కుక్క పోస్ట్‌మ్యాన్‌ది. గాడిద రొట్టెలాయనది. ఆ నాలుగు కథలూ ఎవరు రాశారు మేడమ్? ఎన్నిసార్లు కొట్టేసి రాశారు? ఎన్నేళ్లు అవే పట్టుకుని ఊరేగారు? మీ దొంగ ముక్కల్లో బయటివాడు ఒక్కడూ లేడు. అందరూ ఇంటివాళ్లే."

ఎలుకలమ్మ కుర్చీలో కూలబడింది. "నా మీద జాలికొద్దీ అంటున్నావు. ఎక్కణ్ణుంచి వచ్చినా దొంగ ముక్క దొంగ ముక్కే. లెక్క లెక్కే."

"సరే, నాకు పెట్టండి."

"నీకెందుకు?"

"రోజూ ఈ కథలు చదివి వినిపించేది నేనే కదా. నాకు పెట్టి చూడండి."

పెట్టింది. టోపీ కథ వినిపించి, ఎదురుగా కూర్చోబెట్టి తీసివేతలు చేయించింది. ఆ పిల్లకు తీసివేతలు రావని కూడా అప్పుడే బయటపడింది. ఆ తర్వాత కథ చెప్పమంది. పరీక్షలమ్మాయి గొంతు సవరించుకుని చెప్పింది: కుట్టుమిషన్లవాడు గాడిద మీద వంతెన దాటుతుంటే కుక్క తరిమింది, టోపీతోపాటు రొట్టెల బుట్ట కూడా నీళ్లలో పడింది, పడవవాడు బస్సు డిపోకు వెళ్లి అడిగితే వాళ్లు మూడు గొడుగులు చూపించారు, అందులో ఏది తనదో ఆ నర్సు ఇట్టే పోల్చుకుంది.

"పాపం కుట్టుమిషన్లవాడు ఏమయ్యాడే?" అంది ఎలుకలమ్మ.

"అవును కదా, వాణ్ణి దారిలోనే వదిలేశాను." ఆ పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "మీకంటే నాకే ఎక్కువొచ్చాయి. ముందు ఎవరు రాజీనామా చేద్దాం, మీరా నేనా?"

అప్పుడు నవ్వింది ఎలుకలమ్మ. పొట్ట పట్టుకుని నవ్వింది. పక్క గదిలోంచి ఎవరో తలుపు తీసి చూసి, మేడమ్ నవ్వుతోందని తెలిసి, భయపడి మూసేశారు.

పరీక్షలమ్మాయి అంతటితో వదల్లేదు. ఎక్కడా రాయని, ఎవరూ వినని కథ ఒకటి అప్పటికప్పుడు చెప్పింది. వాళ్ల అత్తగారు బట్టలుతికే యంత్రం కొని, దాని మీద నమ్మకం లేక, అందులో వేసిన బట్టలన్నీ బయటికి తీసి మళ్లీ చేత్తో ఉతికి, యంత్రం మనసు నొచ్చుకుంటుందని ఖాళీగా ఒక విడత తిప్పిన కథ. ఇద్దరూ టీ తాగి వచ్చాక మేడమ్‌ను అడిగితే మొత్తం చెప్పింది. అత్తగారి చీర రంగొక్కటి మరిచిపోయింది. కొత్తగా ఒక్కటీ కలపలేదు.

"చూశారా?"

"చూశాను. కథలు కలిసిపోయాయి, ఒప్పుకుంటాను. మరి కుళాయి? టైర్ల షాపు? అవి కథలు కావు కదమ్మా." వేసవి నుంచి జరిగినవన్నీ అప్పుడు చెప్పుకుంది. అరికాళ్లలో చీమల సంగతి కూడా మాటల్లో దొర్లింది.

ఆ పిల్ల నవ్వు ఆపేసింది. ముడిలోంచి పెన్సిలు తీసింది. "మొదటి గదికి వెళ్లారా మేడమ్?"

ఎలుకలమ్మ చెయ్యి తనకు తెలియకుండానే రెండో చేతి మోచేతి మడత మీదికి పోయింది.

మొదటి గది అంటే రక్తం తీసే గది. మరుపని ఎవరొచ్చినా కథలూ లెక్కలూ తర్వాత, ముందు ఆ గదిలో రక్తం ఇవ్వాలి. గొంతు దగ్గర గ్రంథి సరిగా పనిచెయ్యకపోయినా, బి పన్నెండు అనే విటమిను తగ్గినా మనిషి మతిమరుపు మనిషిలాగే కనబడతాడు. అలాంటివాళ్లకు మందిచ్చి ఇంటికి పంపొచ్చు, భయపెట్టక్కర్లేదు. ఆ పద్ధతి పెట్టింది ఎలుకలమ్మే. కొత్తగా చేరినవాళ్లకు ఆ సంగతి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంది. తన విషయం వచ్చేసరికి మొదటి గది, రెండో గది అన్నీ దాటేసి, తల్లి చివరి రోజుల్లో ఉన్న గదిలోకి నేరుగా వెళ్లి కూర్చుంది.

"లేవండి" అంది పరీక్షలమ్మాయి. అంతవరకూ ఆ పిల్ల ఆమెతో అలా మాట్లాడింది లేదు. ఆమె లేచింది.

రోడ్డుకు అటువైపు ఆసుపత్రిలో నరాల డాక్టరు ఆమెకు కాలేజీ నాటి స్నేహితురాలు. రక్తంతో పాటు తల స్కాను కూడా తీయించి, తన దగ్గరున్న మరుపు పరీక్షలు కూడా పెట్టి, ఫలితాలు వచ్చేదాకా ఫోన్ చెయ్యొద్దని ఆవిడ గట్టిగా చెప్పింది. ఆ మధ్య రోజులు ఎలా గడిచాయో ఆ ఇంటి కిటికీలను అడగాలి. భర్త వాటిని తుడిచీ తుడిచీ, బయట పిచ్చుకలు అద్దం ఉందని తెలియక వచ్చి కొట్టుకునేలా చేశాడు. ఇద్దరూ ఆ విషయం తప్ప అన్నీ మాట్లాడుకున్నారు. ఆమె నేలమాళిగలో ఎక్కువసేపు కూర్చునేది. ఎలుకలు మేత నములుతుంటే చిన్నగా వచ్చే చప్పుడు ఒక్కటే ఆమెకు ఊరటగా ఉండేది.

పిలుపు రాగానే ఇద్దరూ కలిసి వెళ్లారు. నరాల డాక్టరు వాళ్లను కూర్చోమని కూడా అనలేదు.

"ఏమే, నువ్వు తిండి గురించి పాఠాలు చెప్పేదానివేనా?"

"ముందు సంగతి చెప్పవే. చంపకు."

"బి పన్నెండు అడుగంటింది. ఎంతుందో చూడ్డానికి ల్యాబువాళ్లకి భూతద్దం కావాల్సొచ్చింది. అరికాళ్లలో చీమలంటే చెప్పులనుకున్నావా? డాక్టరేటు ఎవడిచ్చాడే నీకు?" కాగితం బల్ల మీద పడేసింది. "ఆ కడుపుమంట మాత్ర ఇంకా మింగుతున్నావా?"

"మింగుతున్నాను."

"ఏళ్ల తరబడి అది వేసుకుంటే తిన్న కాస్త దాంట్లోంచి కూడా ఆ విటమిను ఒంటికి పట్టదు. నువ్వు తినేదే పిచ్చుక తిండి. ఎవరు రాసిచ్చారు నీకా మాత్ర?"

"నువ్వే."

నరాల డాక్టరు కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుంది. "నేను రాసింది ఒక్క నెలకి."

"నెల పాసు మీద ఇన్నేళ్లు తిరిగిందన్నమాట" అన్నాడు భర్త.

"స్కాను?" అంది ఎలుకలమ్మ. ఆమె చూపు డాక్టరు ముఖం మీంచి కదల్లేదు.

నరాల డాక్టరు వచ్చి, ఆమెను కూర్చోబెట్టి, పక్క కుర్చీలో కూర్చుంది. అప్పుడు మాట నెమ్మదించింది. "స్కాను నీ వయసుకి తగ్గట్టు బాగుంది. మిగతా పరీక్షలు నేను వేరేవి పెట్టాను కదా, నువ్వు రాయనివి, అవీ బాగున్నాయి. చూడవే, ముందుముందు మీ అమ్మ జబ్బు నీకు రాదని నేను రాసివ్వలేను. ఎవరికీ రాసివ్వలేను, నాకు నేను కూడా రాసుకోలేను. కానీ ఇప్పుడు నీకున్నది అది కాదు. దీనికి మందుంది. సూదులు వేయించుకో, ఆ మాత్ర ఆపడం నాకొదిలెయ్, కూర్చుని అన్నం తిను. కొన్ని నెలల్లో తల తేటపడుతుంది. కాళ్లలో చీమలు కాస్త మొండివి, పోవడానికి టైం పడుతుంది."

"ఫలితాలు నేను రాయొచ్చా?"

"నువ్వు రాయకపోతే ఎవరు రాస్తారు? మీ పరీక్షల పిల్లకి తీసివేతలే రావట గదా, తనే ఊరంతా చెబుతోంది."

ఎలుకలమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంది. గట్టిగా పిడికిళ్లు బిగించి ఉన్నాయి. ఎన్నాళ్లనుంచి అలా బిగించుకుని తిరుగుతోందో తెలియదు. ఒక్కొక్క వేలే విప్పింది. భర్త తన చెయ్యి తెచ్చి అందులో పెట్టాడు. డాక్టరు ముందు, అదీ పట్టపగలు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అలా చెయ్యలేదు.

"సరసాలు బయట" అంది నరాల డాక్టరు, కళ్లు తుడుచుకుంటూ. "సూది ముందు."

సూది బాగానే నొప్పెట్టింది. వందలమంది ముసలివాళ్లకు ఏమీ ఉండదని చెప్పి పొడిపించిన మనిషి "అబ్బా" అని పైకే అనేసింది. నర్సు దూది అదిమి, "వచ్చేవారం మళ్లీ రండి" అంది. తప్పకుండా వస్తానంది. ఆమెకు రావాలనే ఉంది.

ఆసుపత్రి పక్కన కార్లు పెట్టుకునే అంతస్తుల మేడ ఉంది. లిఫ్టు రెండో అంతస్తులో ఆగితే ఇద్దరూ దిగి అటూ ఇటూ చూశారు.

"ఏదీ?" అంది.

"మూడో దాంట్లో కదా పెట్టాం?"

"మీరు కదా నడిపింది."

"నడిపింది నేనే. ఎక్కడ పెట్టామో నువ్వు చూస్తావులే అనుకున్నా. ఎప్పుడూ నువ్వే కదా చూసేది."

"నేను ఏం చూశాను? దారంతా కళ్లు మూసుకుని కూర్చున్నాను."

మూడో అంతస్తుకు వెళ్లారు. అక్కడా లేదు. నాలుగోదాంట్లో సరిగ్గా అలాంటి కారే ఉంది. భర్త తాళంచెవి పెట్టి తిప్పబోయాడు గానీ లోపల ఒక బొచ్చుకుక్క లేచి ఆయన్ను పరిశీలనగా చూసింది. క్షమాపణ చెప్పుకుని వెనక్కి తగ్గాడు.

ఎలుకలమ్మ ఒక స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది. నాలుగు నెలలుగా మరిచిపోయిన ప్రతి చిన్న విషయమూ మేకు దిగినట్టు దిగింది. ఇది దిగలేదు. కారెక్కడో ఉంది, ఎక్కడ పెట్టారో తెలియదు, అంతే. ఆయనకూ తెలియదు. ఈ మేడలో తిరుగుతున్నవాళ్లలో సగంమందికి తెలిసినట్టు లేదు. ఎవరో పెద్దమనిషి ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని ఇందాకటి నుంచి మూడుసార్లు వీళ్లను దాటాడు.

"ఏమయింది? కళ్లు తిరుగుతున్నాయా?" అన్నాడు భర్త కంగారుగా.

"లేదు. ఆకలేస్తోంది."

ఆయన ఆమె వంక అపనమ్మకంగా చూశాడు. ఆ మాట ఆమె నోట విని ఎంతకాలమైందో లెక్కవేసుకుంటున్నట్టు నిలబడ్డాడు. తర్వాత తాళంచెవికున్న మీట పైకెత్తి పట్టుకుని నొక్కాడు. కిందెక్కడో, మూడంతస్తుల దిగువన, ఒక కారు పీప్ మంది.

"మనదేనంటారా?"

"ఎవరిదైనా గానీ, పలికింది కదా. పద."

ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ లిఫ్టు సంగతి వదిలేసి, వాలుగా దిగే దారి వెంట, ఆ చప్పుడు వచ్చిన వైపు నడిచారు. మలుపు మలుపుకూ ఆయన ఆగి మీట నొక్కుతున్నాడు. ప్రతిసారీ అది కాస్త దగ్గర నుంచి పలుకుతోంది.